ఎడమ చెయ్యి

"సముద్రానికి ఒళ్లు చల్లబడిందే, ఫారా"
అన్నాడు మా మామ తుంబుజాఫి ఫోన్లో.
కుడి చేతిలో తెడ్డు ఉంటుంది కాబట్టి
నీళ్లలో పెట్టేది ఎప్పుడూ ఎడమ చెయ్యే.
మణికట్టు దాకా జివ్వుమందట.
తుఫాను వెలిసి నాలుగో రోజు.
నడినెత్తిన ఎండ, ఆకు కదలడం లేదు,
నీళ్లు మాత్రం కొండవాగులోంచి తోడినట్టు.

నేను రీయూనియన్ దీవిలో, సాన్ దెనీలో ఉన్నాను.
కిటికీకి అవతల సముద్రం, ఇవతల ఏసీ.
నా తెర మీద ఆ రోజు
మడగాస్కర్ తీరాన, అంతలాహా దగ్గర
ఇరవై ఎనిమిది డిగ్రీలు, గోరువెచ్చగా, హాయిగా.
"పొరబడ్డావేమో మామా."
కాసేపు అవతల కోళ్ల అరుపులు.
"చెయ్యి నాదే" అన్నాడు.

ఉపగ్రహం చూసేది నీటి ముడతల్ని.
పాల మీద ఊదితే మీగడ నలుగుతుందే, అంత సన్నవి.
పైనుంచి ఒక తరంగం విసిరి
తిరిగొచ్చిన దాన్ని తూచి
గాలి ఇంత, ఫలానా దిక్కు నుంచి, అని రాసి పంపుతుంది.
ఒక్కోసారి నాలుగు దిక్కులు రాసి
ఏదో ఒకటి తీసుకో అంటుంది.
ఆ బాణాల్ని నేను మోడల్‌కి తినిపిస్తాను.
గాలి రెట్టింపయితే నీటి మీద తోపు నాలుగింతలు.
అక్కడిదాకా లెక్క బాగానే నడుస్తుంది.
నురగ కమ్మేశాక
గాలికి నీళ్లు పట్టు చిక్కవు,
సబ్బు రాసిన పిల్లాడిలా జారిపోతాయి.
అప్పుడు తోపు ఎంతో
సూత్రం రాసినవాళ్లూ గొంతు తగ్గించే చెబుతారు.

తుఫాను మా ఊరికి ఉత్తరంగా
ఒకటిన్నర రోజు కదలకుండా కూర్చుంది.
భూమధ్యరేఖకి ఈ పక్క
దాని దారికి ఎడమవైపునే చలి ఎక్కువ.
ఎడమవైపు మా ఊరు.
పటంలో అక్కడ తెల్లని చార.
ఒక చుట్టులో చూసిన పట్టీ
ఇంకో చుట్టు పట్టీని తాకలేదు.
తరవాతి చుట్టులో తాకింది గానీ
ప్రతి చుక్క పక్కనా ఒక గుర్తు: వాన అనుమానం.
చినుకులూ నీటిని ముడుస్తాయి,
ఏది గాలి చేసిందో ఏది వాన చేసిందో తేలదు.
అలాంటి చుక్కల్ని తీసేయడం పద్ధతి.
పద్ధతి ప్రకారమే తీసేశాను,
మా ఊరిని.
అటూ ఇటూ ఉన్న గాలిని సాగదీసి
మధ్యలో అతుకు వేశాను.
కన్ను చుట్టూ గోడలా లేచిన గాలి
నా అతుకులో పిల్లగాలి.

ఆ రాత్రి తీసేసినవన్నీ ఏరి,
వాన వాటా తీసి, గాలి వాటా ఉంచి
ఒక్కో చుక్కా తిరిగి పెట్టాను.
తెల్లవారుజామున మోడల్ కదిలింది.
అరవై మీటర్ల కింది నీళ్లు పైకొచ్చి కలిశాయి.
నాలుగు డిగ్రీలు దిగింది.
గాలి వెళ్లిపోయాక కూడా
నలభై ఆరు గంటలకో చుట్టు చొప్పున
సముద్రం ఎడమకి తిరుగుతూనే ఉంది,
గరిటె తీసేసినా గంజి తిరుగుతున్నట్టు.
ఎనిమిది రోజుల చలి చూపించింది.

మామ లెక్కలో తొమ్మిది.
లవంగాల గోనె మీద బొగ్గుతో గీతలు పెట్టుకున్నాడు.
ఆ ముక్క కోసి పంపాడు,
నా బల్ల సొరుగు ఇప్పటికీ వాసన.
ఆ ఒక్క రోజు ఎటు పోయిందో
మా ఇద్దరికీ తెలీదు.

ఇంటి కప్పు లేచిపోయిన సంగతి
చాలా రోజులకి అత్త చెబితే తెలిసింది.
ఆ తొమ్మిది రోజులూ బడి గదిలో పడుకున్నారట.
మామ నాతో నీళ్ల గురించే మాట్లాడాడు.
నేనూ నీళ్ల గురించే అడిగాను.

ఇవాళ తూర్పున మరో సుడి కట్టింది.
ఆ చలి ఎప్పుడో కరిగింది.
నీళ్లు ముప్పైకి దగ్గర, దానికి మేత సిద్ధం.
నాలుగు బాణాల్లో ఒకదాని మీద వేలు పెట్టి
ఆలోచిస్తుంటే ఫోన్ మోగింది.
"చెయ్యి పెట్టి చూడనా?"
"ఇప్పుడొద్దు మామా.
పడవ ఇసక మీదికి లాక్కో.
ఇంకా పైకి.
కొబ్బరి చెట్లు దాటేదాకా."